రాగిని పట్టిన పట్టుకారు

పాఠశాల ప్రయోగశాలలో మైలుతుత్తమును చూడని విద్యార్థి అరుదు. ఆ నీలి స్ఫటికమున ఒక్కొక్క రాగి అయానుచుట్టు నాలుగు నీటి అణువులు చదరముగ నమరియుండును. పైన నొకటి, క్రింద నొకటి సల్ఫేటునకు చెందిన ఆక్సిజను పరమాణువులు కొంచెము ఎడముగ నిలుచును. ఎక్స్ కిరణముల సాయమున బీవర్స్, లిప్సన్ అను శాస్త్రజ్ఞులు 1934లో ఈ యమరికను నిర్ణయించిరి.

నీటికి బదులు అమైనో ఆమ్లము వచ్చి చేరినచో నేమగును? ఆ ఆమ్లములలో మిక్కిలి చిన్నదగు గ్లైసీను ఒక కొనను నైట్రోజనుతోను, మరియొక కొనను ఆక్సిజనుతోను, కంసాలి పట్టుకారువలె రాగిని పట్టుకొనును. రెండు గ్లైసీనులు కలిసి చదరపు నాలుగు మూలలను నింపును. అప్పుడు రెండు నైట్రోజనులు ప్రక్కప్రక్కన నుండవచ్చును, ఎదురెదురుగ నైన నుండవచ్చును. రాగికిని గ్లైసీనుకును గల పాలు ఒక్కటే. రూపములు మాత్రము రెండు. ప్రక్కప్రక్కన నున్న రూపపు స్ఫటిక నిర్మాణమును ఫ్రీమన్ మున్నగువారు 1964లో ప్రకటించిరి.

ఇట్టి పట్టు మన దేహమునందును కలదు. రాగి దేహమునకు స్వల్పముగ నవసరమే కాని, ఒంటరిగ తిరుగు రాగి హానికరము. కావున రక్తమున దాని యధిక భాగము మాంసకృత్తుల నాశ్రయించియుండును. కొంత భాగము హిస్టిడీను అను అమైనో ఆమ్లముతో కూడియున్నదని టొరాంటోలో బిబుధేంద్ర సర్కార్ 1966లో కనుగొనెను.

ఈ విషయము పసిబిడ్డల ప్రాణములకు సంబంధించినదయ్యెను. జాన్ మెంకీస్ 1962లో వర్ణించిన వ్యాధియందు, జన్యులోపముచే ప్రేగులలోని రాగి రక్తమునకు చాలినంత చేరదు. బిడ్డల వెంట్రుకలు మెలికలు తిరుగును, మెదడు క్షీణించును, చికిత్స లేనిచో పెక్కుమంది మూడేండ్లు నిండకమునుపే మరణింతురు. ప్రేగుల దారి మూసికొన్నందున, 1976లో టొరాంటో వైద్యులు రాగి-హిస్టిడీను సమ్మేళనమును సూదిమందుగ నిచ్చుట ప్రారంభించిరి. పుట్టిన కొలది దినములలోనే ఇచ్చినచో కొందరు బిడ్డలకు మేలు కలిగినది. ఆలస్యమైనచో ఫలము స్వల్పము.

అయినను ఆ మందుయొక్క స్ఫటికము చిరకాలము చేజిక్కలేదు. తుదకు 2004లో సర్కార్ బృందము దాని రూపమును వెల్లడించెను. రాగికి ఐదు బంధములు. ఒక హిస్టిడీను మూడు చోట్లను, రెండవది రెండు చోట్లను దానిని పట్టుకొన్నవి. పట్టు సడలినచో రాగి త్రోవలోనే జారిపోవును. మరీ బిగిసినచో చేరవలసిన చోట విడువబడదు. ఈ రెంటి నడుమనే మందుయొక్క గుణము నిలిచియున్నది. బిడ్డలకు ప్రాణాధారమైన ఆ పట్టు, చికిత్స మొదలైన 28 ఏండ్లకు గాని శాస్త్రజ్ఞుల కంటబడలేదు.