సుగ్గి మూటలో మాత్రల డబ్బా

ఖరీఫ్ పంట చేతికొచ్చినా రాకపోయినా, చలికాలం దాటేలోపే కోసిగి, మంత్రాలయం, కౌతాళం వైపు ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. పిల్లాజెల్లాతో గుంటూరు జిల్లా మిరపకోతలకు పోతారు. దాన్నే సుగ్గి అంటారు. బియ్యం, గిన్నెలు, గుడారం పట్టా సర్దిన ఆ మూటల్లో ఏ ఒకటి రెండింటి అడుగునో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. పైకాగితం గోటితో గీకేసి ఉంటుంది. లోపల 30 మాత్రలు. కర్నూలు పెద్దాసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్ వాళ్లు ఉచితంగా ఇచ్చినవి.

వలసల వల్లే హెచ్‌ఐవీ అని తేలిగ్గా అనేస్తుంటారు. పొట్టకూటికి పోయేవాళ్ల మీద జబ్బునూ రుద్దడమే అది. సుగ్గితో అసలు చిక్కు వేరే. మాత్ర తప్పిపోతుంది.

తప్పితే ఏమవుతుంది? హెచ్‌ఐవీ రోగాలతో పోరాడే మన సీడీ4 కణాల్లో దూరి, తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా రాసుకుని, దాన్ని కణం డీఎన్‌ఏలో కలిపేస్తుంది. మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ ఆ రాతకు అడ్డుపడతాయి. డోలుటెగ్రావిర్ ఆ కలయికను ఆపుతుంది. కానీ అప్పటికే వైరస్ కలిసిపోయి నిద్రపోతున్న కణాలు కొన్ని ఉంటాయి. వాటిని ఈ మందులేవీ తాకలేవు. చేలో తుంగ పెరికినా గడ్డ మట్టిలోనే ఉన్నట్టు. మాత్ర మానేసిన కొన్ని వారాల్లోనే చాలామందిలో వైరస్ మళ్లీ రక్తంలో కనబడుతుంది. పైగా అది రాసుకునేటప్పుడు తెగ తప్పులు చేస్తుంది. ఒకరోజు వేసి నాలుగు రోజులు మానే ఒంట్లో, మందుకు లొంగని తప్పుదే పైచేయి. లామివుడిన్‌ను ఓడించడానికి ఒక్క మార్పు చాలు.

రోజూ వేసుకునేవాళ్ల కథ పూర్తిగా వేరు. ఒకరికే హెచ్‌ఐవీ ఉన్న 1763 జంటల మీద 9 దేశాల్లో జరిగిన పరిశోధన ఫలితం 2011లో వచ్చింది. మన చెన్నై, పుణె కూడా అందులో ఉన్నాయి. త్వరగా మందు మొదలుపెడితే భాగస్వామికి వైరస్ సోకడం 96 శాతం తగ్గింది. పరీక్షకు అందనంతగా వైరస్ తగ్గి, అలాగే నిలిచినవాళ్ల నుంచి లైంగికంగా సోకదని ఆ తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఈ సంగతి తెలియని మేస్త్రీలు, ఇంటివాళ్లు ఇప్పటికీ పళ్లెం వేరు పెడుతున్నారు. పళ్లెంతో ఈ వైరస్ ఎన్నడూ సోకలేదు!

డబ్బా మీది కాగితం గీకడం, తెలిస్తే ఇలా వేరు పెడతారన్న భయంతోనే. గుడారంలో డబ్బా గలగలమంటుందని కొందరు మాత్రలు పొట్లం కట్టుకుంటారు. అది మాత్రం వద్దు. టెనోఫోవిర్‌కు తేమ పడదు. డబ్బాలోని చిన్న సంచి ఆ తేమను పీల్చడానికే.

పనిచేసే చోట ఎవరికీ చెప్పక్కర్లేదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ గోప్యతకు రక్షణ ఇస్తుంది. కానీ బయల్దేరే ముందు ఏఆర్‌టీ సెంటర్లో ఒక మాట చెప్పాలి. చికిత్స పుస్తకం వెంట ఉంచుకుంటే దారిలో ఇంకో సెంటర్లోనూ మాత్రలు అడగొచ్చు. ఏది దగ్గరో తెలియకపోతే 1097కి ఫోన్ చేస్తే చెబుతారు, పైసా ఖర్చు లేకుండా.