శాంతపిల్లి దీపస్తంభము: తీరదీపపోషణమునుగూర్చి ఒక విచారణ

సింహాచలదేవాలయమున స్తంభములమీదను గోడలమీదను గల శాసనములను చదువువారికి తఱచుగా ఎదురుపడు దానము అఖండదీపదానము. ఒక దాత గోవుల నిచ్చును. మఱియొక దాత శ్రీభండారమున మాడలు పెట్టును. ఆ మూలధనముపై వచ్చు ఫలముతో స్వామిసన్నిధిని దీపము ఆచంద్రార్కము వెలుగవలెనని కట్టడి. దీపమును వెలిగించుట సులభమనియు, దానిని ఆఱకుండ కాపాడుట కష్టమనియు ఈ దాతలు బాగుగ నెఱిగినవారు. నూనె కావలెను, వత్తి కావలెను, ప్రతిదినమును దానిని కనిపెట్టియుండు మనిషి కావలెను. కావుననే వారు దీపమును మాత్రమే ఇచ్చి ఊరకుండక, దీపముయొక్క పోషణమును గూడ ఏర్పఱచిరి.

ఈ కొండకు ఈశాన్యముగా, సముద్రపుటొడ్డున, 1847లో మఱియొక దీపము వెలసినది. అది దేవునికై పెట్టినది కాదు, ఓడలకై పెట్టినది. శాంతపిల్లి దీపస్తంభమని నౌకాగ్రంథములయందు ప్రసిద్ధమైన ఈ దీపముయొక్క చరిత్రను వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. దీపస్తంభచరిత్ర యనగా గోపురములను కట్టిన తేదీల పట్టికయని సామాన్యముగా తలంతురు. తీరదీపచరిత్రలో ముఖ్యమైన ప్రశ్న దానిని ఎవరు కట్టిరన్నది కాక, ఎవరికొఱకు, ఎవరి ధనముతో అది వెలుగుచున్నదన్నదే యని మా అభిప్రాయము.

1. ఊరు, పేరు

శాంతపిల్లి యనునది ఇంగ్లీషువారి పటములలోని పేరు. ఊరి పేరు చింతపల్లి. అది సుమారు 18 డిగ్రీల 4 నిమిషముల ఉత్తర అక్షాంశమున, 83 డిగ్రీల 37 నిమిషముల తూర్పు రేఖాంశమున, పూసపాటిరేగ మండలమున నున్నది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడువఱకు ఈ ప్రాంతము విశాఖపట్టణం జిల్లాలోనిది. ఇంగ్లీషు గెజిటీరులో చంతపిల్లి యను రూపము గూడ కలదు. చింతపల్లి, చంతపిల్లి, శాంతపిల్లి యని ఈ మూటిని వరుసగా నిలిపినచో పేరు మాఱిన తీరు విశదమగును. ‘పల్లి’ యను మాట ఇంగ్లీషు వ్రాతలో ‘పిల్లి’ యగుట అనకాపల్లి పేరునందును కాననగును. మొదటి చకారము పరదేశీయుల చెవికి సకారశకారములకు దగ్గఱగా తోచినది. కావున ఈ పేరున ‘శాంత’ శబ్దమును వెదకుట వ్యర్థము, ఉన్నది చింతచెట్టే. పటములలోని పేళ్లను బట్టి స్థలనామములకు వ్యుత్పత్తి చెప్పువారు ఈ ఉదాహరణమును గమనింపవలెను.

2. దీపమునకు పూర్వము

దీపములు లేనినాడు నావికులకు కొండలే గుఱుతులు. విశాఖపట్టణపు దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొనివచ్చిన డాల్ఫిన్స్ నోస్, భీమునిపట్టణమువద్ద నరసింహస్వామికొండ యనబడు పావురాళ్లకొండ, లోపలివైపున సింహాచలపు కొండల వరుస, ఇవి యన్నియు పగటివేళ తీరమును గుర్తింపజేయునవి. ఒక కొండను మఱియొక కొండతో కలిపి చూచి తామున్న చోటును నిర్ణయించుకొనుట మన తీరమున చేపలు పట్టువారికి నేటికిని తెలిసిన విద్య.

ఆలయములును ఇట్టి గుఱుతులైనవి. ఐరోపానావికులు పూరీ ఆలయమును తెల్లగుడి యనియు, కోణార్క ఆలయమును నల్లగుడి యనియు వ్యవహరించిరి. ఇచ్చట ఒక విశేషము గమనింపదగియున్నది. కోణార్క ఆలయమును కట్టించిన గంగవంశపు ప్రథమ నరసింహదేవుని ఆజ్ఞచేతనే సింహాచలాలయముగూడ పునర్నిర్మింపబడినట్లు 1268 నాటి శాసనము వలన తెలియుచున్నది. ఒకే రాజు కట్టించిన ఈ రెండు గుళ్లలో కోణార్క గుడి నావికులకు ప్రసిద్ధమైన గుఱుతైనది. సింహాచలాలయమన్ననో, కొండకు ఉత్తరపువైపు మలుపున ఒదిగియున్నందున, సముద్రమునకు కనబడదు. సముద్రమునకు కనబడునది కొండ. యాత్రికునకు కనబడునది గుడి.

అయితే గుఱుతు వేఱు, దీపము వేఱు. తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండలమీది బౌద్ధస్థలములు సముద్రాభిముఖముగా నున్నవి గనుక అవి దీపస్తంభములుగా నుపయోగపడినవని కొందఱు చెప్పుచుందురు. సముద్రమునుండి కొండ కనబడుట పగటిగుఱుతునకు చాలును. దీపస్తంభమని చెప్పవలెనన్న రాత్రులయందు నియమముగా దీపము పెట్టిరని నిరూపింపవలెను. ఈ రెండింటిని కలిపివేయుట శాస్త్రీయము కాదు.

దీపము లేని తీరమున ఓడ పగిలినచో ఏమగుచుండెను? దీనికి మన చరిత్రలో సమాధానము కలదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము సుప్రసిద్ధము. గాలివానకు చిక్కి దరికి కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగా కైకొనుచుండిరనియు, తాను దయతో నిర్ణీతమగు సుంకమును మాత్రమే తీసికొని మిగిలినది వర్తకులకే విడిచెదననియు ఆ రాజు ప్రకటించెను. ఇది గొప్ప ధర్మమే. కాని ఇది ఓడ పగిలిన పిదప లభించు అభయము. ఓడ పగులక పూర్వమే లభింపవలసిన అభయము దీపము.

3. 1847 నాటి దీపము

చింతపల్లి తీరమునకు ఎదురుగా, ఒడ్డునకు కొన్ని మైళ్ల దూరమున, నీటిలో మునిగియుండు రాతిగుట్టలు కలవు. శాంతపిల్లి రాళ్లని వానికి పేరు. భీమునిపట్టణమునకు పోవు ఓడలకు ఇవి ప్రమాదకరములు. ఈ రాళ్లనుండి ఓడలను తప్పించుటకే ఒక చిన్నకొండమీద 1847లో దీపస్తంభమును నిర్మించిరి.

సముద్రమధ్యమున మునిగియున్న రాతిమీద గోపురము కట్టుట మిక్కిలి వ్యయప్రయాసలతో కూడిన పని. ఒడ్డుననున్న కొండ యెత్తును ప్రకృతియే సమకూర్చినది. దీపమునకు ఎత్తేల? భూమి గుండ్రముగా నుండుటచేత దూరపు దీపము దిగంతరేఖకు క్రిందుగా మునుగును. మీటర్లలో దీపపుటెత్తుయొక్క వర్గమూలమును 2.08చే గుణించినచో, నీటిమట్టమున నున్న కంటికి అది ఎన్ని నావికమైళ్ల వఱకు కనబడునో స్థూలముగా తెలియును. 46 మీటర్ల ఎత్తున నున్న దీపము ఈ లెక్కన 14 నావికమైళ్ల వఱకు కనబడును. ఓడపై నిలిచిన నావికుని కంటియెత్తు దీనికి అదనము. దీపము దిగంతమున తొలుత పొడసూపిన క్షణముననే నావికుడు తన దూరమును లెక్కకట్టగలడు. దిక్సూచితో దీపము ఏ దిక్కున నున్నదో చూచి రాళ్ల స్థానమును పటముపై పోల్చుకొనగలడు. నీకును నాకును నడుమ రాయి యున్నది, దగ్గఱకు రావలదు, అని చెప్పుటయే ఈ దీపము పని.

ఆ కాలపు దీపముల స్థితిని గూడ తెలిసికొనుట మేలు. చెన్నపట్టణమున 1796లో కోటలోని ఒక మేడపై కొబ్బరినూనె దీపములతో మొదటి దీపస్థానము ఏర్పడినది. 1844లో అచటనే రాతిస్తంభముపై రెండవ దీపము వెలిగినది. ఫ్రాన్సు దేశమున ఫ్రెనెల్ అను శాస్త్రజ్ఞుడు 1822లో కల్పించిన పలకల కటకము దీపకాంతిని చెదరనీయక ఒకే పుంజముగా సముద్రముపైకి పంపుటకు మార్గము చూపెను. శాంతపిల్లి దీపము ఈ నూతనయుగపు తొలిదశలోనిది.

4. భీమునిపట్టణపు దీపము

శాంతపిల్లి దీపమునకు తోబుట్టువు భీమునిపట్టణపు దీపము. ఇది 1868 నాటిది. దీనిని డచ్చివారు కట్టిరని తఱచుగా వినబడును. డచ్చివారు ఆ రేవున పదునేడవ శతాబ్దినుండి వర్తకము చేసినమాట నిజము. వారి కోటకును సమాధులకును అచట ఆనవాళ్లు కలవు. కాని 1824 నాటి ఒడంబడికను అనుసరించి 1825లోనే వారు ఆ పట్టణమును ఇంగ్లీషువారికి అప్పగించిరి. అనగా దీపము వెలుగునాటికి వారు ఊరు విడిచి నలువది సంవత్సరములు దాటినది. పట్టణముయొక్క ప్రాచీనకీర్తిని ప్రతి కట్టడమునకును అంటగట్టుట స్థలచరిత్రలలో కానవచ్చు సామాన్యదోషము.

భీమునిపట్టణమున ఓడలు ఒడ్డునకు చేరు వీలు లేదు. అవి దూరమున లంగరు వేసి నిలువగా, పడవలు సరకును దరికి చేర్చుచుండెను. అందుచేత ఇచ్చటి దీపము రాత్రివేళ వచ్చు ఓడకు లంగరు వేయదగిన తావును చూపుటకు, అనగా ఓడను పిలుచుటకు, పెట్టిన దీపము. శాంతపిల్లి దీపము తప్పించు దీపము. భీమునిపట్టణపు దీపము పిలుచు దీపము. ఈ రెండును కలిసినప్పుడే తీరము నావికునకు చదువదగిన గ్రంథమగును. ఇట్టి దీపముల ఆవశ్యకమునకు నిదర్శనము దక్షిణమున గోదావరి ముఖద్వారమున దొరకును. 1867 జూన్ 19న శాక్రమెంటో యను అమెరికా యుద్ధనౌక అచటి మెఱకలలో చిక్కి నాశనమైనది. నావికులు మాత్రము ప్రాణములతో బయటపడిరి. ఆ ఇసుకమెఱకలకును, పిదప అచట వెలసిన దీపమునకును ఆ ఓడ పేరే నిలిచినది.

5. దీపస్తంభశబ్దము

మనము లైటుహౌసునకు వాడు దీపస్తంభశబ్దము క్రొత్తగా కల్పించినది కాదు. దేవాలయముల ముందు దీపములుంచు స్తంభమునకు అది పూర్వమునుండి యున్న పేరు. గుడిముంగిటి మాటను సముద్రపుటొడ్డునకు తెచ్చుకొంటిమి. తమిళమున ఈ అర్థమున ‘కలంగరై విళక్కం’ అను ప్రాచీనపదము కలదు. శిలప్పదికారమునందే అది ప్రయుక్తము. ‘కలం’ అనగా ఓడ; ఓడలను పిలుచుటకు పెట్టిన దీపమని ప్రాచీనవ్యాఖ్యాత అర్థము చెప్పెను. ఆ పదము దీపముయొక్క పనిని తెలుపగా, మన పదము దాని ఆకారమును తెలుపుచున్నది. కాని అఖండదీపదానములను స్మరించినచో, మన పదమున పోషణమను మఱియొక భావముకూడ ధ్వనించును.

6. దీపమునకు నూనె ఎవరిది?

శాంతపిల్లి దీపము వెలిగిన మఱుసటి సంవత్సరము, అనగా 1848లో, ఇంగ్లండున జాన్ స్టూవర్ట్ మిల్ తన అర్థశాస్త్రగ్రంథమును ప్రకటించెను. దీపమును చూచిపోవు ఓడను సముద్రముమీద నిలిపి పైకము వసూలుచేయుట సాధ్యము కాదు గనుక దీపములను ప్రభుత్వమే పోషింపవలెనని అందు వాదించెను. 1974లో రోనాల్డ్ కోస్ ఈ వాదమును పరిశీలించి, ఇంగ్లండున అనేకదీపములను పూర్వము ప్రైవేటువ్యక్తులే నడిపిరనియు, రేవులలో ఓడలనుండి సుంకము వసూలు చేయబడెననియు చూపెను. మన దేశమున 1927 నాటి దీపస్తంభచట్టము సామాన్యదీపములనియు స్థానికదీపములనియు విభాగముచేసి, సామాన్యదీపములను కేంద్రప్రభుత్వముక్రిందికి తెచ్చి, రేవులకు వచ్చిపోవు ఓడలపై దీపసుంకమును విధించినది. 2021లో నౌకాయాన సహాయసాధనముల చట్టము దాని స్థానమున వచ్చినది.

ప్రభుత్వపోషణము, సుంకము అను ఈ రెండు మార్గములను గూర్చి పండితులు వాదించిరి. సింహాచలశాసనములు మూడవ మార్గమును చూపుచున్నవి. అది నిధి. దీపమువలన లాభము పొందువాడు పైకము చెల్లింపనక్కఱలేదు. దాత ఒకసారి ఇచ్చిన మూలధనము చెడక, దాని వృద్ధి నూనెయగును. అఖండదీపశాసనములను భక్తికి సాక్ష్యములుగా మాత్రమే గాక, పోషణవ్యవస్థకు సాక్ష్యములుగా గూడ చదువవలెనని మేము చెప్పుట ఇందువలననే. భూములు అన్యాక్రాంతమైనను, రాజ్యములు మాఱినను నిధి చెడును. చెడినప్పుడు దీపము ఆఱును. ఈ బలహీనతయే సుంకముపై నడుచు దీపమునకును, ఓడలరాక తగ్గినప్పుడు, కలుగును.

దీనికి భీమునిపట్టణమే ఉదాహరణము. 1890 దశకమున తీరపు రైలుమార్గము వచ్చినది. 1933లో విశాఖపట్టణమున ఓడలు లోపలికి వచ్చి నిలువదగిన రేవు తెఱవబడినది. లంగరు రేవుల వర్తకము క్షీణించినది. 1957లో డాల్ఫిన్స్ నోస్‌మీద దీపస్తంభము నెలకొనినది. నేడు ఓడలకు కృత్రిమోపగ్రహములే దారిచూపుచుండగా దీపస్తంభములు విహారస్థలములగుచున్నవి. అయినను యంత్రము చెప్పిన స్థానమును కంటితో సరిచూచుకొనుటకు ఒడ్డున స్థిరమైన దీపము ఒకటి యుండుట నావికునకు నేటికిని ధైర్యము.

పరిశోధకవిద్యార్థులకు ఈ తీరమున మూడు పనులు కలవు. మొదటిది, సింహాచలశాసనములలోని దీపదానములను కాలక్రమమున కూర్చి, ఒక్కొక్క దీపమునకు నిర్ణయింపబడిన మూలధనమును లెక్కగట్టుట. రెండవది, నౌకాపటములలోని స్థలనామములను స్థానికోచ్చారణముతో సరిపోల్చుట. మూడవది, కొండలగుఱుతులకు జాలరులును వాడబలిజలును వాడు మాటలను వారి నోట విని వ్రాసికొనుట. మొదటి రెండింటికిని ఆధారములు రాతిమీదను కాగితముమీదను ఉన్నవి, అవి వేచియుండగలవు. మూడవదానికి ఆధారము వృద్ధుల జ్ఞాపకము మాత్రమే. కావున ఆ పనితోనే ప్రారంభించుట యుక్తము.