గ్రాఫిక్స్ కార్డు మొరాయింపు

కంప్యూటరులో ఆట నడుస్తున్న సమయంలో తెర నల్లబడటం, బొమ్మ కదలకుండా నిలిచిపోవడం, ఆట హఠాత్తుగా మూతపడటం, లేదా కంప్యూటరే ఆగి మళ్ళీ మొదలవడం వంటి ఇబ్బందులను గ్రాఫిక్స్ కార్డు మొరాయింపు అనవచ్చును. వాడుకలో దీనినే "క్రాష్ కావడం" అంటారు. కొత్త కార్డు బిగించిన తొలి దినాలలో ఇది తరచుగా కనిపిస్తుంది. కార్డు కొత్తది, ఇబ్బందీ కొత్తదే కావున కార్డే చెడినదని భావించడం సహజం. కాని అనేక సందర్భాలలో దోషం కార్డులో కాక దానికి విద్యుత్తునందించే ఎస్‌ఎంపీఎస్‌లోనో, క్యాబినెట్‌లోని వేడిలోనో, పాత డ్రైవరులోనో, వేరొక భాగంలోనో ఉంటుంది. ఒక్కొక్క కారణాన్ని వరుసగా తొలగించుకుంటూ పోవడమే అసలు దోషాన్ని కనుగొనే మార్గం. ఈ వ్యాసంలో స్థానిక ఉదాహరణలు తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల పరిస్థితుల నుండి తీసుకొనబడినవి.

## గ్రాఫిక్స్ కార్డు చేసే పని

తెరపై కనిపించే ప్రతి దృశ్యమూ చిన్న చిన్న చుక్కల సమూహమే. ఈ చుక్కలను పిక్సెళ్ళు అంటారు. 1920 × 1080 పరిమాణం గల తెరలో 20 లక్షలకు పైగా పిక్సెళ్ళు ఉంటాయి. ఆటలో దృశ్యం సెకనుకు 60 సార్లు మారితే, ప్రతి సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కల రంగును లెక్కించవలసి ఉంటుంది. ఇంతటి పనిని కంప్యూటరులోని ముఖ్య ప్రాసెసరు ఒక్కటే చేయలేదు. అందువలన వందలు, వేల సంఖ్యలో చిన్న గణన విభాగాలు ఏకకాలంలో పనిచేసే ప్రత్యేక చిప్పును గ్రాఫిక్స్ కార్డులో అమర్చుతారు. కార్డుకు సొంత మెమొరీ, సొంత ఫ్యాన్లు కూడా ఉంటాయి.

1996లో వచ్చిన 3డీఎఫ్‌ఎక్స్ సంస్థ వారి వూడూ కార్డు ఇంటి కంప్యూటర్లలో త్రిమితీయ ఆటలకు ప్రాచుర్యం తెచ్చింది. 1993లో స్థాపించబడిన ఎన్‌విడియా సంస్థ 1999లో జీఫోర్స్ 256ను విడుదల చేసి, దానిని "జీపీయూ" అనే పేరుతో ప్రచారం చేసింది. 2006లో ఏటీఐ సంస్థను ఏఎండీ కొనుగోలు చేసింది. 2022లో ఇంటెల్ సంస్థ ఆర్క్ పేరుతో విడి కార్డుల విపణిలోకి ప్రవేశించింది.

## ఆట సమయంలోనే ఎందుకు?

ఉత్తరం టైపు చేస్తున్నప్పుడో, పాటలు వింటున్నప్పుడో కార్డు దాదాపు విశ్రాంతిలో ఉండి 10 నుండి 20 వాట్లు మాత్రమే వాడుకుంటుంది. ఆట మొదలుకాగానే మధ్యతరగతి కార్డు సైతం 150 నుండి 200 వాట్ల వరకు కోరుతుంది. పెద్ద కార్డులు 300 వాట్లను దాటుతాయి. ఆ విద్యుత్తంతా చివరకు వేడిగానే మారుతుంది. అనగా విద్యుత్తు, వేడి, మెమొరీ, డ్రైవరు అన్నింటికీ ఒకేసారి పరీక్ష జరిగే సమయం ఆట సమయమే. మిగిలిన వేళ దాగి ఉన్న బలహీనత అప్పుడు బయటపడుతుంది.

అంతేకాక కార్డు వాడకం నిలకడగా ఉండదు. దృశ్యం మారినప్పుడు సెకనులో వెయ్యోవంతుల కాలంపాటు సగటు కంటే చాలా ఎక్కువ విద్యుత్తును లాగుతుంది. బోరు మోటారు వేసిన క్షణంలో ఇంటి దీపాలు మసకబారి మళ్ళీ సర్దుకోవడం పల్లెలలో అందరికీ తెలిసినదే. కార్డు విషయంలోనూ అటువంటిదే జరుగుతుంది. ఆ క్షణిక భారాన్ని ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేకపోతే, తనను కాపాడుకోవడానికి మొత్తం కంప్యూటరును ఆపివేస్తుంది.

## లక్షణాలు, అవి సూచించే కారణాలు

* కంప్యూటరు మొత్తం ఒక్కసారిగా ఆగిపోవడం: ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ లేదా తీగల లోపాన్ని మొదట అనుమానించవలెను. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్" అనే పేరుతో 41వ సంఖ్య నమోదవుతుంది. కంప్యూటరు సక్రమంగా మూసివేయబడలేదని మాత్రమే దీని అర్థం. కారణాన్ని అది చెప్పదు.
* తెర కొన్ని క్షణాలు నల్లబడి తిరిగి రావడం: కార్డు 2 సెకన్లలోగా సమాధానమీయకపోతే విండోస్ డ్రైవరును మళ్ళీ మొదలుపెడుతుంది. 2007లో విండోస్ విస్టాతో ఈ ఏర్పాటు వచ్చింది. దీనికి 4101వ సంఖ్య నమోదవుతుంది.
* ఆట మాత్రమే మూతపడి, మిగిలినవి పనిచేయడం: ఆట దస్త్రాలు, డ్రైవరు, ర్యామ్‌లలో దోషం ఉండవచ్చును.
* తెరపై రంగురంగుల గడులు, గీతలు కనిపించడం: కార్డు మెమొరీ లోపానికి గాని, అధిక వేడికి గాని సూచన. విండోస్ మొదలుకాకముందే, బయాస్ తెరపై కూడా గీతలు కనిపిస్తే కార్డులోనే దోషమున్నదనుటకు అది బలమైన ఆధారం. అయినను తెరకు వెళ్ళే తీగను మార్చి చూచిన పిమ్మటనే ఆ నిర్ణయానికి రావలెను.
* 15, 20 నిమిషాలు సవ్యంగా ఆడిన తరువాత ఆగడం: వేడి వలన కావచ్చును.

## ముఖ్య కారణాలు

### విద్యుత్తు చాలకపోవడం

మదర్‌బోర్డుపై కార్డును గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గరిష్ఠంగా 75 వాట్లు మాత్రమే ఇవ్వగలదు. అంతకు మించి కావలసిన కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుండి విడిగా తీగలు కలుపుతారు. 6 పిన్నుల తీగ 75 వాట్లకు, 8 పిన్నుల తీగ 150 వాట్లకు ఉద్దేశించబడినవి. రెండు కనెక్టర్లు అవసరమైన కార్డుకు ఒకే తీగ చివర వ్రేలాడే రెండు కొసలను కాక, రెండు వేర్వేరు తీగలను వాడటం మంచిది.

ఎస్‌ఎంపీఎస్ పై అట్టమీద పెద్ద అక్షరాలలో ఉండే వాట్ల సంఖ్య కంటే, ప్రక్కన పట్టికలోని 12 వోల్టుల వరుస ముఖ్యం. అక్కడ 25 ఆంపియర్లని ఉంటే 12 × 25 = 300 వాట్లు మాత్రమే లభిస్తాయి. క్యాబినెట్‌తో పాటు చవకగా వచ్చే "450 వాట్ల" యూనిట్లు కొన్ని ఈ లెక్కలో తేలిపోతాయి.

### వేడి, దుమ్ము

కార్డు పరిసరాలలోని గాలి కంటే ఎన్నో డిగ్రీలు అధికంగా వేడెక్కుతుంది. ఒకే పని చేస్తున్నప్పుడు ఆ తేడా దాదాపు స్థిరంగా ఉంటుంది. కావున గదిలో 25 డిగ్రీలున్నప్పుడు 70 డిగ్రీల వద్ద నడిచే కార్డు, గదిలో 40 డిగ్రీలుంటే 85 డిగ్రీలకు చేరుతుంది. పరిమితి సమీపించగానే కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతుంది.

### డ్రైవరు

పాత కార్డు డ్రైవరు అవశేషాలు మిగిలిన చోట కొత్త డ్రైవరు సక్రమంగా పనిచేయకపోవచ్చును. ఒక సంస్థ కార్డు తీసి మరొక సంస్థ కార్డు బిగించినప్పుడు దీనిపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

### ఇతర భాగాలు

ర్యామ్‌ను నిర్ణీత వేగానికి మించి నడిపించడం, ప్రాసెసరు అస్థిరత, కార్డు స్లాటులో పూర్తిగా కూర్చోకపోవడం, బరువైన కార్డు ఒక ప్రక్కకు ఒరగడం కూడా కారణాలే.

## ప్రసిద్ధ సంఘటనలు

కార్డు, డ్రైవరు, ప్రాసెసరు ఈ మూడింటిలో ఏదైనా దోషి కావచ్చునని ఇటీవలి చరిత్ర తెలుపుతుంది.

2020 (డ్రైవరు): సెప్టెంబరు 17న విడుదలైన ఆర్‌టీఎక్స్ 3080 కార్డులు ఆటలలో మూతపడుతున్నాయని పలు దేశాల వాడుకరులు ఫిర్యాదు చేశారు. కార్డుపై అమర్చిన కెపాసిటర్లే కారణమన్న చర్చ బాగా సాగింది. సెప్టెంబరు 28న ఎన్‌విడియా 456.55 సంఖ్య గల డ్రైవరును విడుదల చేయగా అనేకుల ఇబ్బంది తొలగిపోయింది.

2021 (కార్డు): న్యూ వరల్డ్ అనే ఆట ప్రయోగాత్మక దశలో ఉండగా, జూలైలో కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు పూర్తిగా పాడైపోయాయి. వాటిలో తమవైన కొద్ది కార్డులలో టంకం పని లోపించినదని తయారీదారైన ఈవీజీఏ సంస్థ తరువాత వెల్లడించింది.

2024 (ప్రాసెసరు): ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లు గల కంప్యూటర్లలో, వీడియో మెమొరీ చాలదంటూ ఆటలు మూతపడసాగాయి. సందేశం చదివినవారు కార్డునే అనుమానించారు. కాని ప్రాసెసరుకు అధిక వోల్టేజి అందడమే కారణమని ఇంటెల్ జూలైలో ప్రకటించింది. ఆగస్టులో సవరణను విడుదల చేసి, హామీ కాలాన్ని రెండు సంవత్సరాలు పొడిగించింది. తెరపై కనిపించే సందేశం దోషం బయటపడిన చోటును చెబుతుందే గాని, దోషం పుట్టిన చోటును చెప్పదనుటకు ఇది చక్కని ఉదాహరణ.

## పరిశీలించే క్రమం

ఖర్చు లేనివాటితో ప్రారంభించి, ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివలన బాగుపడినదో తెలియదు. ప్రతి మార్పును, దాని ఫలితాన్ని తేదీతో సహా ఒక పుస్తకంలో వ్రాసుకోవలెను.

1. ఏ ఆటలో, ఎన్ని నిమిషాలకు, ఏ విధంగా ఆగినదో గుర్తించడం. కనీసం రెండు ఆటలలో చూడవలెను. ఒకే ఆటలో వస్తే ఆ ఆటనే ముందుగా అనుమానించవలెను.
2. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, కార్డును బయటకు తీసి తిరిగి గట్టిగా గుచ్చడం. తీగల కొసలు పూర్తిగా దిగినవో లేదో చూడటం.
3. పాత డ్రైవరును పూర్తిగా తొలగించి, తయారీదారు నుండి నేరుగా పొందిన డ్రైవరును వేయడం. అత్యంత కొత్త డ్రైవరుతోనే ఇబ్బంది మొదలైతే దాని ముందుదానిని ప్రయత్నించడం.
4. కార్డు, ప్రాసెసరు, ర్యామ్‌ల వేగాలను తయారీదారు నిర్ణయించిన స్థాయికి తీసుకురావడం.
5. హెచ్‌డబ్ల్యుఇన్ఫో, జీపీయూ-జెడ్ వంటి ఉచిత ఉపకరణాలతో ఆట జరుగుతుండగా ఉష్ణోగ్రతను నమోదు చేయడం. క్యాబినెట్ ప్రక్క తలుపు తీసి ఆడినప్పుడు ఇబ్బంది తగ్గితే గాలి ప్రసరణలో లోపమున్నట్లే.
6. మెమ్‌టెస్ట్86తో ర్యామ్‌ను పరీక్షించడం.
7. ఆటకు సెకనుకు 60 దృశ్యాల పరిమితి విధించడం, లేదా కార్డు విద్యుత్తు పరిమితిని 20 శాతం తగ్గించడం. దీనితో మొరాయింపు ఆగితే ఎస్‌ఎంపీఎస్‌పైన, వేడిపైన అనుమానం బలపడుతుంది.
8. సరిపడా సామర్థ్యం గల మరొక కంప్యూటరులో ఆ కార్డును బిగించి చూడటం. అక్కడ కూడా అదే విధంగా ఆగితే దోషం కార్డులోనిదే. అక్కడ సవ్యంగా నడిస్తే ఇంటిలోని మిగిలిన భాగాలను చూడవలెను.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను ఎట్టి పరిస్థితులలోను విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చును.

## సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిస్థితులు

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ 65వ జాతీయ రహదారిపై ఉన్నాయి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సూర్యాపేట జిల్లాకు ఇవి చెందినవి. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉన్నది. ఈ ప్రాంతంలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే దినాలు ఉంటాయి. చలికాలంలో కొని చక్కగా వాడుకున్న కార్డు ఏప్రిల్‌లో మొరాయించడం మొదలుపెడితే, కార్డు చెడినదని తలచే ముందు గది వేడిని గమనించవలెను.

మిర్యాలగూడ రైసు మిల్లులకు ప్రసిద్ధి. మిల్లుల సమీపంలో ఊక దుమ్ము, బూడిద గాలిలో కలుస్తాయి. కోదాడకు దక్షిణాన హుజూర్‌నగర్, మేళ్ళచెరువు పరిసరాలలో సిమెంటు కర్మాగారాలున్నాయి. ఇటువంటి చోట్ల క్యాబినెట్‌ను నేలపై కాక బల్లపై ఉంచి, తరచుగా బ్లోయరుతో శుభ్రం చేయించవలెను. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వ్రేలితో ఆపి ఉంచవలెను. తడిగుడ్డ వాడరాదు.

యూపీఎస్ మరొక ముఖ్య విషయం. చిన్న ఇళ్ళలోను, దుకాణాలలోను సాధారణంగా కనిపించే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లు మాత్రమే ఇవ్వగలదు. కార్డుకు 200, ప్రాసెసరుకు 100, మిగిలిన వాటికి 50 వాట్లు అనుకుంటే మొత్తం 350. ఎస్‌ఎంపీఎస్‌లో జరిగే నష్టాన్ని కలిపితే గోడ నుండి 420 వాట్ల వరకు కావలసి వస్తుంది. తెరను ఇంకా లెక్కించనే లేదు. ఆట మధ్యలో కరెంటు పోగానే యూపీఎస్ కూడా ఆగిపోతుంది. ఇందులో కార్డు తప్పు ఏమీ లేదు. ఎర్తింగ్ సరిగా లేని ఇంటిలో క్యాబినెట్‌ను తాకితే జివ్వుమనే అవకాశముంది. వేసవిలో ఎర్తు గుంట ఎండిపోకుండా నీరు పోయించవలెను.

## హామీ, వినియోగదారుని హక్కులు

కొత్త గ్రాఫిక్స్ కార్డులకు సాధారణంగా 3 సంవత్సరాల హామీ ఉంటుంది. మరమ్మతు కేంద్రాలు ఎక్కువగా నగరాలలోనే ఉన్నాయి. సూర్యాపేట నుండి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ నుండి సుమారు 180 కిలోమీటర్లు. మంచి కార్డును చెడినదని భావించి పంపితే, కేంద్రంవారు పరీక్షించి "దోషం లేదు" అని తిప్పి పంపుతారు. ప్రయాణపు ఖర్చు, వారాల కాలము వృథా అవుతాయి. దానికంటే నష్టకరమైనది, నిజంగా చెడిన కార్డును సర్దుకుంటూ వాడి హామీ గడువు దాటబెట్టుకోవడం. పైన చెప్పిన పరిశీలన ఈ రెండు నష్టాలనూ నివారిస్తుంది.

బిల్లు, పెట్టె, సీరియల్ సంఖ్య గల చీటీ భద్రపరచవలెను. మొరాయించిన దృశ్యాన్ని ఫోనులో చిత్రీకరించి, పరిశీలన పుస్తకపు నకలుతో జతపరచితే దుకాణదారునకు విషయం సులభంగా బోధపడుతుంది. కార్డు విరిగినా, కాలిన గుర్తులున్నా హామీ వర్తించకపోవచ్చును.

హామీ ఉండి కూడా విక్రేత గాని, తయారీదారు గాని స్పందించని పక్షంలో 1915 సంఖ్య గల జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చును. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కొనుగోలుదారుడు తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే కేసు దాఖలు చేయవచ్చును. వస్తువు హైదరాబాదులో కొన్నను, ఆన్‌లైన్‌లో కొన్నను ఈ సౌలభ్యం ఉన్నది. వివాద కారణం ఏర్పడిన నాటి నుండి 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయవలెను. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకపోతే దాఖలు రుసుము లేదు.

## ఇవి కూడా చూడండి

* కంప్యూటరు
* మదర్‌బోర్డు
* యూపీఎస్
* వినియోగదారుల రక్షణ చట్టం
* మిర్యాలగూడ
* సూర్యాపేట
* కోదాడ