రూబీ భాషతో వెబ్ పుటల నిర్మాణము: నంద్యాల, ఆళ్లగడ్డ పేర్ల చిక్కు

ఆళ్లగడ్డ పేరును రెండు విధములుగా వ్రాయుట మన జిల్లాల వారికి క్రొత్త కాదు. కొందరు ‘ళ’కు ‘ల’ వత్తు ఇచ్చి ఆళ్లగడ్డ అని వ్రాయుదురు. మరికొందరు ‘ళ’కు ‘ళ’ వత్తునే ఇచ్చి ఆళ్ళగడ్డ అందురు. బస్సు మీద ఏ విధముగా వ్రాసియున్నను ప్రయాణికుడు పొరబడడు. కాని కంప్యూటరునకు ఇవి రెండు వేర్వేరు ఊళ్లు. ఒక వ్రాతతో నమోదైన విద్యార్థి, రెండవ వ్రాతతో వెదకినచో కనబడడు. పిల్లవాని ఉపకారవేతనపు దరఖాస్తు ఉండియు దొరకకపోవుటకు ఈ ఒక్క వత్తు చాలును. కావున వెబ్ పుటలను నిర్మించు సాధనములను గూర్చి తెలిసికొనునపుడు, అవి మన అక్షరములను ఎట్లు పట్టుకొనునో కూడ చూడవలెను.

వెబ్ పుటల నిర్మాణమునకు పెక్కు భాషలు కలవు. వానిలో రూబీ ఒకటి. రూబీ అనగా కెంపు. అప్పటికే ముత్యమును తలపించు పేరుగల పెర్ల్ అను భాష వాడుకలో ఉండుటచే దీనికి మరియొక రత్నము పేరు పెట్టిరి. జపాను దేశస్థుడగు యుకిహిరో మత్సుమోతో 1993లో దీనిని తలపెట్టి, 1995 డిసెంబరులో లోకమునకు విడుదల చేసెను. యంత్రమునకు గాక, వ్రాయు మనిషికి సుఖముగా ఉండవలెనన్నది ఆయన ఉద్దేశము. 2004లో డెన్మార్కు దేశస్థుడగు డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్ ఈ భాషలో ‘రూబీ ఆన్ రైల్స్’ అను చట్రమును వెలువరించెను. రైల్స్ అనగా పట్టాలు. పట్టాలు ముందే వేసియున్నచో బండి నడుపుట ఎంత సులభమో, పుటల నిర్మాణములో మాటిమాటికి వచ్చు పనులను ముందే అమర్చియుంచినచో తక్కిన పని అంత సులభము. రూబీ జపాను వెలుపల ప్రసిద్ధి చెందుటకు ముఖ్య కారణము ఇదియే.

ఒక ఉన్నత పాఠశాల వారు తమ ప్రవేశ పట్టికను వెబ్ ద్వారా చూపదలచిరనుకొందము. ఆళ్లగడ్డలో ఒకరు ఫోనులో ఒక పేరును వెదకిరి. ఆ కోరిక ఎక్కడో ఉన్న సర్వరు అను కంప్యూటరును చేరును. అచ్చట జరుగునది తహసీలు కచ్చేరిలో జరుగుదానికి ఎంతో భిన్నము కాదు. వచ్చిన అర్జీ ఏ బల్లకు పోవలెనో మొదట తేల్చవలెను. ఈ పనిని ‘రూటరు’ చేయును. బల్ల దగ్గర గుమాస్తా అర్జీని చదివి, ఏమి కావలెనో గ్రహించును, ఇతడు ‘కంట్రోలరు’. దస్త్రముల గదిలో పట్టికలను కాపాడుచు, తప్పు వివరములను లోపలికి రానీయనివాడు ‘మోడల్’. దొరికిన సమాచారమును చక్కని ప్రతిగా వ్రాసి ఇచ్చునది ‘వ్యూ’. ఒకరి పనిలో మరియొకరు చేయి పెట్టరాదు. పుట రంగు మార్చవలెనన్న దస్త్రముల గదిలోనికి పోవలసిన పని లేదు. ఇంత ఏర్పాటు అక్కరలేని చిన్న పనులకు సినాత్రా అను తేలికయైన చట్రము కలదు. మూడు నాలుగు పుటల సైటునకు అది చాలును.

తక్కిన పనిముట్లను త్వరగా చూచెదము. ఇతరులు వ్రాసి పంచిన రూబీ మూటలను ‘జెమ్’లు, అనగా రత్నములు అందురు. ఏ రత్నము ఏ సంచికది కావలెనో పట్టిక వ్రాసి, అన్ని కంప్యూటర్లలోను అవే ఉండునట్లు చూచునది ‘బండ్లర్’. ‘ఐ ఆర్ బి’ అనునది ప్రయోగశాల వంటిది. ఒక వాక్యము వ్రాసి మీట నొక్కినచో ఫలితము వెంటనే కనబడును. తరగతిలో రూబీ నేర్పదలచిన ఉపాధ్యాయులు దీనితోనే ప్రారంభించుట మేలు.

ఇచ్చట ఒక ప్రయోగము. ‘నంద్యాల’ అను మాట పొడవు ఎంత? మనము చదువునపుడు నం, ద్యా, ల అని మూడు అక్షరములు. రూబీలో ‘లెంగ్త్’ అని అడిగినచో 7 అని చెప్పును. ‘బైట్‌సైజ్’ అని అడిగినచో 21 అనును. మూడును నిజమే. యూనికోడ్ అను ప్రపంచ లిపి పట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 గళ్లు కేటాయించిరి. అందులో న, సున్న, ద, పొల్లు, య, దీర్ఘము, ల అని ఏడు గళ్లు కలిసి ‘నంద్యాల’ అగుచున్నది. ‘న’ సంఖ్య 3112. వెబ్‌లో వాడుకలోనున్న యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గడికి మూడు బైట్లు కావలెను; ఏడు మూళ్లు ఇరువదియొకటి. 2007లో వచ్చిన 1.9 సంచికకు ముందు రూబీకి గళ్ల లెక్క తెలియదు. ‘లెంగ్త్’ అని అడిగినను 21 అనియే చెప్పెడిది. ఇదే మాటను పుట చిరునామాలో పెట్టినచో ఒక్కొక్క బైటు మూడు గుర్తులుగా మారి మొత్తము 63 గుర్తులగును.

ఇప్పుడు ‘రివర్స్’ అని ఆజ్ఞాపించి చూడుడు. ‘లద్యానం’ వచ్చునని విద్యార్థులు అనుకొందురు. వచ్చునది ‘లాయ్దంన’! ఇందులో ‘య’కు ‘ద’ వత్తుగా చేరును. రూబీ తిరుగవేసినది అక్షరములను కాదు, గళ్లను. మనము అక్షరమని తలచు గుంపును గుర్తించుటకు యూనికోడ్ వారు నియమములు ఏర్పరచిరి. పాత నియమము ప్రకారము నంద్యాలలో నం, ద్, యా, ల అని నాలుగు గుంపులు. 2023లో వెలువడిన 15.1 సంచిక సంయుక్తాక్షరములను విడదీయరాదని చెప్పినందున మూడగును. దరఖాస్తులో పేరునకు ఇరువది అక్షరములే హద్దు అని పెట్టువారు ఈ లెక్కలలో ఏది వాడుచున్నారో తెలిసికొనవలెను. లేనిచో పొడవైన పేరుగల బాలిక పేరు చివర ఒక పొల్లుతో తెగి నిలిచిపోవును.

ఆళ్లగడ్డ చిక్కునకు తిరిగి వచ్చెదము. దీనికి ఉపాయము, వ్రాసిన పేరును వ్రాసినట్లే ఉంచి, దాని ప్రక్కన కంటికి కనబడని మరియొక నిలువు గడిలో ‘వెదకు రూపము’ను దాచుట. రూబీలోని ‘జీసబ్’ అను ఆజ్ఞతో ‘ళ్ళ’ ఉన్నచోటనెల్ల ‘ళ్ల’ పెట్టి ఆ రూపమును తయారు చేయవచ్చును. వెదకువాని మాటను కూడ అదే విధముగా మార్చినచో రెండును కలిసికొనును. ఉత్సాహము కొలది ‘ల్ల’ను కూడ ఇందులో కలుపరాదు. ‘ఇల్లు’ ఒకటి, ‘ఇళ్లు’ అనేకము. వత్తు లేని ల, ళలను కలిపినచో ‘కల’యు ‘కళ’యు ఒకటియై పోవును. ఇది యంత్రము నిర్ణయింపలేని విషయము. తెలుగు తెలిసినవాడే నిర్ణయింపవలెను.

ఆళ్లగడ్డ నుండి కడపకు పోవు దారిలోని మైదుకూరునకు మరియొక విధమైన తొందర కలదు. ఇందలి ‘ఐ’త్వమును ఒకే గడిగా టైపు చేయవచ్చును, లేదా ‘ఎ’త్వము, దాని క్రింది గుర్తు అని రెండు గళ్లుగా కూడ చేయవచ్చును. కంటికి భేదము లేదు. దీనిని మాత్రము రూబీ తానే సరిచేయగలదు. ‘యూనికోడ్ నార్మలైజ్’ అను ఆజ్ఞ రెండు గళ్లను ఒకటి చేయును. ఆళ్లగడ్డ విషయములో ఈ ఆజ్ఞ పనిచేయదు. ఏలయన అచ్చట ఉన్నవి నిజముగా రెండు వర్ణక్రమములు.

పిన్‌కోడ్ వాడరాదా అని అడుగవచ్చును. నంద్యాలకు 518501, ఆళ్లగడ్డకు 518543. అంకెలకు వర్ణక్రమ భేదము లేదు, నిజమే. కాని ఒక పిన్‌కోడ్ క్రింద చుట్టుప్రక్కల పల్లెలు కూడ ఉండును గనుక అది ఊరి పేరునకు బదులు కాజాలదు.

జిల్లా పేరు సంగతి ఇంకను ఆలోచింపదగినది. 2022 ఏప్రిల్ 4వ తేదీకి ముందు ఈ రెండు ఊళ్లును కర్నూలు జిల్లాలోనివి. ఆ దినమున నంద్యాల జిల్లా ఏర్పడెను. ప్రతి విద్యార్థి వరుసలోను ‘కర్నూలు’ అని వ్రాసియుంచిన పట్టికలో ఎన్ని దిద్దుబాట్లు! కర్నూలును అంతటను నంద్యాలగా మార్చుటయు కుదరదు. కర్నూలు జిల్లా ఇప్పటికిని ఉన్నది, దాని మండలములు దానికి ఉన్నవి. విద్యార్థి వరుసలో మండలము సంఖ్యను మాత్రము ఉంచి, మండలము ఏ జిల్లాలోనిదో వేరొక పట్టికలో వ్రాసినచో, మండలమునకు ఒక్క దిద్దుబాటు చాలును. ఇట్టి మార్పులకు రైల్స్‌లో ‘మైగ్రేషన్’ అను పనిముట్టు కలదు. పట్టికలలో చేయవలసిన ప్రతి మార్పును తేదీ, సమయములు గల చిన్న దస్త్రముగా వ్రాసియుంచుదురు. వానిని ఏ కంప్యూటరులోనైనను అదే వరుసలో నడుపవచ్చును, అవసరమైనచో వెనుకకును తీసికొనవచ్చును. అయినను 2021లో ఇచ్చిన ధ్రువపత్రము మీద కర్నూలు జిల్లా అనియే కనబడవలెను. అందుచేత మండలము, జిల్లా, ఏ తేదీ నుండి అను మూడింటిని కలిపి ఉంచుట ఉత్తమము.

ఇన్ని ఏర్పాట్లు చేసిన పిమ్మట రేపు మరియొకరు వచ్చి ఒక వాక్యము మార్చి అంతయు చెడగొట్టకుండుటకు పరీక్షలు వ్రాయుదురు. ‘ఆళ్ళగడ్డ అని వెదకినచో ఆళ్లగడ్డ విద్యార్థి దొరకవలెను, ఇల్లు అని వెదకినచో ఇళ్లు దొరకరాదు’ అని ‘మినిటెస్ట్’ లేక ‘ఆర్‌స్పెక్’ అను పనిముట్టుతో వ్రాసియుంచినచో, మార్పు జరిగినప్పుడెల్ల కంప్యూటరే సరిచూచును.

విద్యార్థులకు ఒక వినోదము. రూబీలో చలరాశులకు తెలుగు పేర్లు పెట్టవచ్చును. ‘మార్కులు’ అని వ్రాసి దానికి 87 విలువ ఇచ్చినచో అది అంగీకరించును. కాని తరగతి, అనగా ‘క్లాసు’ పేరును తెలుగు అక్షరముతో మొదలుపెట్టనీయదు. ఆ పేరు పెద్ద అక్షరముతోనే ప్రారంభము కావలెనని రూబీ నియమము. ఇంగ్లీషులో వలె పెద్దబడి, చిన్నబడి అను భేదము మనకు లేదు కదా!

చివరగా అకారాది క్రమము. రూబీలోని ‘సార్ట్’ ఆజ్ఞ గళ్ల సంఖ్యలను బట్టి పేర్చును. యూనికోడ్‌లో ‘ళ’ను ‘ల’ ప్రక్కనే ఉంచిరి; మన వర్ణమాలలో అది ‘హ’ తరువాతది. కావున ‘కవి’, ‘కళ’ అను మాటలను పేర్చుమన్నచో రూబీ ‘కళ’ను ముందు పెట్టును, నిఘంటువులో ‘కవి’ ముందు. హాజరు పట్టీ నిఘంటువు వరుసలో కావలెనన్నచో, అక్షరములకు మన క్రమములో సంఖ్యలిచ్చిన చిన్న పట్టికను వ్రాసికొని, ‘సార్ట్ బై’ అను ఆజ్ఞకు దానిని అందింపవలెను. పదవ తరగతి విద్యార్థి ఒక గంటలో వ్రాయగల పని ఇది.