సరిహద్దు దాటే పాట, సరిహద్దు దగ్గర ఆగే మనిషి

సంగీతానికి ఎల్లలు లేవనే మాట మనం ఎన్నో సభల్లో విన్నాం, ఎన్నో వ్యాసాల్లో చదివాం. ఆ మాట ఎంతవరకు నిజం? ఎవరి విషయంలో నిజం? ఈ ప్రశ్నను గాలిలో పెట్టి చర్చించడం కన్నా ఒక నిర్దిష్టమైన ఉదాహరణ తీసుకుని పరిశీలించడం మంచిది. బెల్జియంలోని బూమ్ అనే చిన్న పట్టణంలో ఏటా జూలై నెలలో జరిగే టుమారోలాండ్ ఉత్సవం అలాంటి ఉదాహరణ. ఎలక్ట్రానిక్ సంగీతానికి సంబంధించి ప్రపంచంలోని అతి పెద్ద ఉత్సవాల్లో అది ఒకటి. రెండు వారాంతాలకూ కలిపి సుమారు 4 లక్షల మంది వస్తారు. మన దేశం నుంచి వెళ్ళేవారూ వారిలో వున్నారు. వెళ్ళివచ్చినవారు అక్కడి వెలుగుల గురించీ, జనసముద్రం గురించీ ఉత్సాహంగా చెబుతారు. అది సహజమే. కాని ఆ యాత్రను సాహిత్య వస్తువుగా స్వీకరించే రచయిత అక్కడితో ఆగితే చాలదు. పాట ఎక్కడ పుట్టింది, పండుగ ఏ నేల మీద జరుగుతోంది, ద్వారం ఎవరికి తెరుచుకుంటోంది - ఈ మూడు విషయాలూ లేని యాత్రా రచన, రాసినవాడికి తెలియకుండానే, వ్యాపార ప్రకటన అయిపోతుంది.

పాట పుట్టిన చోటు

ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం ఐశ్వర్యంలో పుట్టింది కాదు. దాని ప్రధాన శాఖలైన హౌస్, టెక్నో రెండూ అమెరికా పారిశ్రామిక నగరాల్లో నల్లజాతి యువకుల చేతుల మీదుగా రూపొందాయి. షికాగోలో 1977లో తెరుచుకున్న వేర్‌హౌస్ అనే నృత్యశాలకు వచ్చినవారిలో అత్యధికులు నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలవారు, స్వలింగ ప్రేమికులు. అంటే, బయటి సమాజం తలుపులు మూసిన మనుషులు. అక్కడ ఫ్రాంకీ నకుల్స్ వాయించిన తరహా సంగీతానికి ఆ శాల పేరులోని 'హౌస్' అన్న ముక్కే పేరుగా స్థిరపడింది. 1979 జూలై 12న అదే షికాగోలో ఒక బేస్‌బాల్ మైదానంలో వేలాది ప్రేక్షకుల ఎదుట డిస్కో రికార్డులను కుప్పపోసి పేల్చివేశారు. ఆ కోపం కేవలం అభిరుచి భేదం కాదనీ, ఆ సంగీతాన్ని ప్రేమించే మనుషుల మీది ద్వేషం కూడా అందులో వుందనీ తర్వాత పలువురు విమర్శకులు గుర్తించారు.

ఇక టెక్నో పుట్టిన డెట్రాయిట్ మోటారు కార్ల నగరం. 1950లో అక్కడి జనాభా 18 లక్షలకు పైగా వుండేది. 2010 నాటికి అది సుమారు 7 లక్షల 14 వేలకు పడిపోయింది. కర్మాగారాలు తరలిపోయాయి, యంత్రాలు మనుషుల స్థానాన్ని ఆక్రమించాయి, తెల్లజాతివారు శివార్లకు వెళ్ళిపోయారు. 1967 జూలైలో చెలరేగిన తిరుగుబాటులో 43 మంది చనిపోయారు. ఆ నగరం శివార్లకు ఆవల బెల్‌విల్ అనే ఊళ్ళో కలిసి చదువుకున్న జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ 1980లలో టెక్నోకు రూపం ఇచ్చారు. వారి చేతికి అందిన సాధనాలేమిటి? జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980లో విడుదల చేసిన టిఆర్-808 వంటి డ్రమ్ మెషీన్లు. అసలైన డోలు ధ్వని రావడం లేదని సంగీతకారులు వాటిని పక్కన పెట్టారు. అందుకే అవి పాతసరుకుగా చౌకగా దొరికాయి. ఒక తరాన్ని కర్మాగారం నుంచి బయటికి నెట్టిన యంత్రాన్ని తర్వాతి తరం వాయిద్యంగా పట్టుకుంది. టెక్నోలోని ఆ పునరావృత లయను 'యాంత్రికం' అని కొట్టిపారేసేవారు ఈ చరిత్రను గమనించాలి. ఆ యాంత్రికతే దాని వస్తువు.

1988లో బ్రిటన్‌లో వెలువడిన ఒక సంకలనంతో డెట్రాయిట్ సంగీతం సముద్రం దాటింది. 1989లో గోడ కూలిన తర్వాత బెర్లిన్ యువత ఖాళీ భవనాల్లో దానికి చోటిచ్చింది. 1991లో ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగ ఖజానాలో ట్రెసార్ క్లబ్ ప్రారంభమయింది. మరొక సంగతి మనకు దగ్గరది. 1982లో బొంబాయి సినిమా సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ అదే రోలాండ్ యంత్రాల మీద 10 రాగాలను డిస్కో లయలో వాయించి రికార్డు విడుదల చేశాడు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 2010లో యూరప్‌లో పునర్ముద్రణ పొందాకే దాని విలువ లోకానికి తెలిసింది. 2015లో మరణించేలోగా, వృద్ధాప్యంలో ఆయన యూరప్ వేదికలెక్కాడు. పాట సరిహద్దు దాటడం నిజమే. కాని దాని విలువను నిర్ణయించే బజారు ఎక్కడ వుందో ఈ ఉదంతం చెబుతోంది.

పండుగ జరిగే నేల

బూమ్ పట్టణం ఆంట్‌వర్ప్‌కూ బ్రస్సెల్స్‌కూ నడుమ, రూపెల్ నది ఒడ్డున వుంది. అక్కడి బంకమట్టి ఎంత ప్రసిద్ధమంటే, భూగర్భ శాస్త్రంలో ఒక కాలఖండానికి ఆ నది పేరు మీదనే రూపేలియన్ అని పేరు పెట్టారు. ఆ మట్టితోనే ఆ ప్రాంతమంతా ఇటుక పరిశ్రమ విస్తరించింది. ఆడవారు, పిల్లలతో సహా కుటుంబాలకు కుటుంబాలు బట్టీల్లో పనిచేశాయి. ఇటుక బట్టీ జీవితమంటే ఏమిటో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒడిశా నుంచి భార్యాబిడ్డలతో వలసవచ్చి తెలంగాణ బట్టీల్లో ఇటుకలు కోసే కూలీలను మనం ఎరుగుదుం. 20వ శతాబ్దంలో బూమ్ బట్టీలు ఒక్కటొక్కటే మూతపడ్డాయి. మట్టి తవ్విన గుంటలు మిగిలాయి. ఆ పాత గుంటల ప్రాంతమే తర్వాత డి స్కోర్ అనే ప్రజా వినోద వనమయింది. 2005 ఆగస్టు 14న మొదటి టుమారోలాండ్ జరిగింది అక్కడే. ఎగుడుదిగుడు నేల, చెరువులు, సహజమైన మెట్టలు - ప్రేక్షకులు ముచ్చటపడే ఆ దృశ్యం ప్రకృతి ఒక్కటే చెక్కింది కాదు, కూలీల పారలు కూడా చెక్కినది.

కర్మాగారాలు పోయిన ఊళ్ళో పుట్టిన సంగీతం, బట్టీలు పోయిన ఊళ్ళో పండుగ అయింది. ఈ రెండింటికీ మధ్య జరిగిందేమిటంటే, అది పెద్ద సరుకయింది. 2013లో ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే అమెరికన్ కంపెనీ ఇలాంటి ఉత్సవాలను కొనుగోలు చేసింది. అదే ఏడు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టుమారోవరల్డ్ పేరుతో సోదర ఉత్సవం మొదలయింది. 2015లో భారీ వర్షాలకు దారులు బురదమయమై వేలమంది రాత్రివేళ రవాణా లేక చిక్కుకుపోయారు. 2016లో ఎస్‌ఎఫ్‌ఎక్స్ దివాలా రక్షణ కోరింది. జార్జియా ఉత్సవం మళ్ళీ జరగలేదు. డెట్రాయిట్ సంగతి కూడా చూడండి. 2000లో అక్కడి హార్ట్ ప్లాజాలో మొదలైన ఎలక్ట్రానిక్ సంగీతోత్సవం అందరికీ ఉచితం. 2005 నుంచి దానికీ టికెట్ వచ్చింది. పుట్టింటి పాట వినడానికి ఆ వూరివాడు సైతం డబ్బు చెల్లించవలసి వచ్చింది.

ద్వారం

ఇప్పుడు మన యాత్రికుడి దగ్గరకు వద్దాం. టుమారోలాండ్‌కు ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఏడాది మొదట్లో అమ్మకం తెరిచిన రోజున కంప్యూటర్ ముందు వరుసలో నిలబడాలి. టికెట్లు చూస్తుండగానే అయిపోతాయి. విమానం, బస, ప్రవేశం మూడూ కలిపిన ప్యాకేజీలూ అమ్ముతారు. టికెట్ చేతి పట్టీ రూపంలో వస్తుంది. లోపల నోట్లు, నాణేలు చెల్లవు. ఆ పట్టీలోనే డబ్బు వేసుకోవాలి. ఆ డబ్బుకు 'ముత్యాలు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. యూరోను ముత్యంగా మార్చినప్పుడు ధర కంటికి ఆనదు. మాయాలోకపు అలంకారం ఇక్కడ లెక్కల పుస్తకంలోకి కూడా ప్రవేశించింది.

కాని అసలు ద్వారం బూమ్‌లో లేదు. అది మన నగరంలోని వీసా దరఖాస్తు కేంద్రంలో వుంది. సభ్యదేశాల నడుమ సరిహద్దు తనిఖీలు ఎత్తివేయడానికి 1985 జూన్ 14న షెంజెన్ ఒప్పందం కుదిరింది. దాని మూలంగా జర్మనీ కుర్రవాడు రైలెక్కి నేరుగా బూమ్ చేరగలడు. లోపలి గోడలు తీసిన ఆ ఒప్పందమే బయటివారికి ఉమ్మడి ప్రహరీ అయింది. మన కుర్రవాడు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందుగా దరఖాస్తు చేయాలి. వేలిముద్రలు ఇవ్వాలి. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపడే బీమా చూపాలి. బ్యాంకు ఖాతా లెక్కలు, జీతం పత్రాలు, సెలవు మంజూరు ఉత్తరం జతపరచాలి. 2024 జూన్ 11 నుంచి పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు. తిరస్కరించినా అది తిరిగి రాదు. టికెట్ వున్నంత మాత్రాన వీసా వస్తుందన్న హామీ లేదు.

ఈ కాగితాలన్నీ కలిసి అడిగే ప్రశ్న ఒక్కటే: నీవు తిరిగి వెళతావా? స్థిరమైన ఉద్యోగం, నిలవ డబ్బు వున్నవాడు 'వెళతాను' అని రుజువు చేయగలడు. రోజుకూలీ చేసేవాడికీ, ఉద్యోగం వెతుక్కుంటున్నవాడికీ ఆ రుజువు సాధ్యం కాదు. డెట్రాయిట్‌లో ఈ సంగీతాన్ని సృష్టించిన పరిస్థితుల్లాంటి పరిస్థితుల్లో ఇవాళ మన దగ్గర బతుకుతున్న యువకుడెవడో, సరిగ్గా అతడే ఆ ద్వారం దగ్గర ఆగిపోతాడు. పాటకు వీసా అక్కరలేదు. ఆ పాటను పుట్టించగల జీవితానికి మాత్రం వీసా దొరకదు.

ఆనందం సంగతి

అయితే ఇదంతా వట్టి మోసమనీ, అక్కడికి వెళ్ళేవారు అమాయకులనీ తీర్మానించడం తొందరపాటు. అటువంటి విమర్శ సులభం, కాని అసంపూర్ణం. కార్యాలయంలో రోజంతా ఒంటరిగా తెర ముందు కూచునే మనిషి, పరిచయం లేని వేలమందితో ఒకే లయకు అడుగు కలపాలని కోరుకోవడంలో తప్పేముంది? ఆ కోరిక నిజమైనది. మన జాతరలూ, కోలాటాలూ, బతుకమ్మ పాటలూ తీర్చిన ఆకలి అదే. ఆకలి వేరు, దాని మీద జరిగే వ్యాపారం వేరు. రెండింటినీ విడదీసి చూడగలగడమే విమర్శ.

2025 జూలై 16న, ప్రారంభానికి రెండు రోజుల ముందు, టుమారోలాండ్ ప్రధాన వేదిక మంటల్లో కాలిపోయింది. ప్రాణనష్టం జరగలేదు. పనివారు రేయింబవళ్ళు శ్రమించి కాలిన చట్రం ముందు మరో వేదిక నిలబెట్టారు. 18న ఉత్సవం మొదలయింది. జనం వచ్చారు, ఆడారు. అద్భుతమైన అలంకరణ లేకపోయినా పండుగ ఆగలేదంటే, పండుగకు మూలం అలంకరణ కాదన్నమాట. వచ్చిన మనుషులూ, నిలబెట్టిన చేతులూ దానికి మూలం. ఏ ప్రచార చిత్రంలోనూ కనబడని ఆ చేతులు ఆ రెండు రోజులు లోకానికి కనబడ్డాయి.

రచయిత పని

మన భాషలో యాత్రా రచనకు మంచి వారసత్వం వుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన ప్రయాణాన్ని నమోదు చేసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆయన తీర్థయాత్రకే వెళ్ళాడు. అయినా దేవాలయాల వర్ణనతో సరిపెట్టుకోలేదు. దారి ఎలా వుంది, ఏ సరుకు ఎక్కడ దొరుకుతుంది, ఏ రేవులో ఏ సుంకం వసూలు చేస్తారు, ఏ ఊళ్ళో జనం ఎలా బతుకుతున్నారు అన్నవి రాశాడు. అందుకే దేశ చరిత్ర తెలుసుకోదలచిన ప్రతివారికీ ఆ పుస్తకం నేటికీ ఆధారం.

నేటి సంగీత యాత్రికుడికి కూడా ఆ పద్ధతే మార్గదర్శకం. వెలుగుల వర్ణనతో పాటు వీసా రుసుమూ రాయాలి. వేదికతో పాటు దాన్ని బిగించినవారిని చూడాలి. చేతి పట్టీలో ఎన్ని ముత్యాలు కరిగాయో, అవి తన నెల జీతంలో ఎంత భాగమో లెక్క చెప్పాలి. తనతో రావాలనుకుని రాలేకపోయినవాడి పేరు ఆ రచనలో ఎక్కడో ఒకచోట వుండాలి. అలా రాసినప్పుడు ఆనందం తగ్గదు. తాను ఏ కూలీల గుంటల్లో, ఏ నిరుద్యోగ నగరపు లయకు అడుగు వేశాడో తెలిసిన మనిషి ఆనందానికి బరువు వుంటుంది. అటువంటి యాత్రా రచనలు తెలుగులో ఇంకా రావలసి వుంది.