రావద్దు అంటే రా అని వినిపిస్తే

దేవరయాంజాల్ పేరు చెబితే చాలామందికి సీతారామస్వామి గుడి భూములే గుర్తొస్తాయి. 2021లో ఆ భూముల గొడవ పేపర్లలో అంతగా నలిగింది మరి. మేడ్చల్ రోడ్డుకీ రాజీవ్ రహదారికీ మధ్య ఉన్న ఈ ఊళ్లోనే 108 అంబులెన్సుల ఈఎంఆర్ఐ ప్రధాన కార్యాలయం కూడా ఉందంటే మాత్రం ‘అవునా!’ అంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. వైద్యానికే కాదు, పోలీసు సాయానికీ, అగ్నిప్రమాదానికీ కూడా అదే నంబరు పనికొచ్చేలా ఏర్పాటు చేశారు. అంబులెన్సు డ్రైవర్ని ‘పైలట్’ అనడం మనకు అలవాటు చేసిందీ వాళ్లే.

ఆపదకు ఒకే నంబరు ఉండాలన్న ఆలోచన అసలు పుట్టింది ఓ మంటలోంచే. 1935 నవంబరులో లండన్‌లోని వింపోల్ వీధిలో ఓ ఇల్లు అంటుకుంది. ఎదురింటాయన ఫోనెత్తాడు గానీ, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆయన కాల్ అందరి కాల్స్‌తో పాటే వరసలో ఉండిపోయింది. ఆ మంటల్లో ఐదుగురు మహిళలు చనిపోయారు. ఆయన కోపం పట్టలేక పత్రికకు ఉత్తరం రాశాడు. 1937 జూన్ 30న 999 వచ్చింది. మన 101, 100, 108లను కలుపుతూ 112 తెలంగాణకు వచ్చింది 2019లో.

ఫోను మోగాక బండి కదులుతుంది.

బండిలో ఉన్నవాళ్లతో మాట్లాడటం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చిన విద్య. అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు 1928లో కార్లలో రేడియో పెట్టారు. అది వినడానికే! జవాబు చెప్పాలంటే కారాపి, టెలిఫోన్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఇప్పుడు మళ్లీ దేవరయాంజాల్‌కు వద్దాం, అక్కడి గోదాముల్లోకి. పైన రేకు, చుట్టూ రేకు, ముందు ఇనుప షట్టరు. ఒకసారి అలాంటి గోదాములో ఫోన్ చేత్తో పట్టుకుని నడిచాను. గుమ్మం దగ్గర నాలుగు సిగ్నల్ గీతలు. అట్టపెట్టెల వరసల్లోకి వెళ్లేకొద్దీ మూడు, రెండు. హమాలీ ఒకతను షట్టరు సగానికి దించాడు, ఒక్క గీత మిగిలింది. రేడియో తరంగం రేకును తాకి వెనక్కి పోతుంది. సందు దొరికితేనే లోపలికి వస్తుంది. ఆ సందు కూడా తరంగానికి సరిపడా ఉండాలి. ఉదాహరణకు పాత వీహెచ్ఎఫ్ వాకీటాకీ సెట్టు 150 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తే దాని తరంగం పొడవు 2 మీటర్లు. 400 మెగాహెర్ట్జ్ యూహెచ్ఎఫ్‌ది 75 సెంటీమీటర్లే. అందుకే కిటికీల్లోంచి, వెంటిలేటర్లలోంచి దూరడంలో చిన్నది గట్టిది. పొలాల మీదుగా దూరం పోవడంలో పెద్దది గట్టిది. ‘ఏది మంచిది?’ అని అడిగితే ఎక్కడ, అని ఎదురడగాల్సిందే.

ఇక గోదాములో మంటే లేస్తే? 2022 మార్చి 23 తెల్లవారుజామున హైదరాబాద్‌లోని బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. గోదాము మంట అంటే ఏమిటో నగరానికి అప్పుడు తెలిసింది.

వాకీటాకీ వాడటం పిల్లలాట అనుకుంటాం. బటన్ నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరం గాలికి పోతుంది. నొక్కి, ఒక్క క్షణం ఆగి, మాట్లాడాలి. అసలు తంటా ఆఖర్లో ఉంది, అదీ మన తెలుగుతో. ఇంగ్లిషులో ‘డోంట్’ ముందే వచ్చేస్తుంది. మనకు కాదనే మాట క్రియ వెనకాల వస్తుంది. ‘లోపలికి రావద్దు’ అంటూ బటన్ కాస్త ముందే వదిలేస్తే అవతలివాడికి వినిపించేది ‘లోపలికి రా’. కప్పు కూలబోతున్న గోదాము ముందు నిలబడి ఈ మాట ఊహించుకోండి. ‘వద్దు, వద్దు, లోపలికి రావద్దు’ అని వద్దుతో మొదలెట్టడమే నయమని నాకనిపిస్తుంది, వ్యాకరణం ఏమన్నా అననివ్వండి.

వాకీటాకీల్లో వినిపించే ‘రోజర్’ ఎవరి పేరూ కాదు. ‘రిసీవ్డ్’లోని ఆర్ అక్షరానికి ఒకప్పటి అమెరికా సైన్యం పెట్టుకున్న గుర్తు. ఆ అక్షరానికి ఇప్పటి గుర్తు ‘రోమియో’, అయినా రోజర్ పోలేదు. సినిమాల్లో వినిపించే ‘ఓవర్ అండ్ అవుట్’ మాత్రం శుద్ధ తప్పు. ఓవర్ అంటే నీ వంతు, అవుట్ అంటే నేను పోతున్నా.

సెట్లు కొత్తవైతే ఏం మారుతుంది? పాత పద్ధతిలో ఒక బృందానికి ఒక చానల్. అది ఖాళీగా ఉన్నా పక్కవాడు వాడుకోలేడు. ట్రంకింగ్ అనే కొత్త పద్ధతిలో బ్యాంకు టోకెన్ లాగా, ఏ కౌంటర్ ఖాళీ అయితే దానికి పోతారు. టెట్రా అనే డిజిటల్ పద్ధతి 25 కిలోహెర్ట్జ్‌ల దారిని కాలంలో ముక్కలు చేసి నాలుగు సంభాషణలు ఒకేసారి నడిపిస్తుంది. బాగుంది కదా? కానీ డిజిటల్ సెట్టు మాటను అంకెలుగా మార్చేటప్పుడు పక్కన రంపం మోగినా, ఊపిరి సిలిండర్ అలారం కూసినా తికమకపడి మాటను నమిలేస్తుందని అమెరికా ఫైర్ చీఫ్‌ల సంఘం 2008లో తేల్చింది. మంట దగ్గర పాత అనలాగే మేలనేవాళ్లు అందుకే ఇంకా ఉన్నారు. వాళ్లది చాదస్తమని నేననను.

వేడి సంగతి ఇంకోటి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఏడు సెట్లను 160 డిగ్రీల వేడిలో పెట్టి చూస్తే, పావుగంటలో ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు.

అన్నీ బాగున్నా చెడగొట్టడానికి ఒక బటన్ చాలు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో 1993 బాంబు పేలుడప్పుడు సెట్లు పలకలేదని తర్వాత అక్కడ మాటను అందుకుని బలంగా మళ్లీ పంపే ఓ రిపీటర్ పెట్టారు. 2001 సెప్టెంబరు 11న ఉత్తర టవర్ లాబీలో అధికారులు దాన్ని పరీక్షించి, పనిచేయడం లేదనుకున్నారు. ఆన్ చేయాల్సిన ఒక బటన్ ఎవరూ నొక్కలేదని విచారణ కమిషన్ తర్వాత రాసింది. ఆ రోజు చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది 343 మంది. పైన తిరుగుతున్న పోలీసు హెలికాప్టర్ల హెచ్చరికలు కూడా వాళ్లకు చేరలేదు. పోలీసుల రేడియో వేరు, వీళ్లది వేరు. మన దగ్గరా మంట దగ్గరికి ఫైరు, పోలీసు, కరెంటు, 108 అందరూ వస్తారు. ఎవరి సెట్టు వారిదే అయితే అరుపులే గతి.

సెల్ టవర్లన్నీ పడిపోతే? హైదరాబాద్ సోమాజిగూడలోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో అండమాన్‌లో హ్యామ్ రేడియో నడుపుతున్నారు. 26న సునామీ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటికి కబురు పంపడంలో ఆమె సెట్టు పనికొచ్చింది.

ఇంత చెప్పుకున్నాక, రేకుల గోదాము లోపల సెట్టు మూగబోతే ఏం చేస్తారు? షట్టరు దగ్గర ఒకరిని నిలబెడతారు. లోపలివాళ్లకూ బయటివాళ్లకూ అతనే రిపీటర్. అంతకన్నా లోపలికి పోతే నడుముకు తాడు. అమెరికా ఫైర్‌మన్లకు ఆ తాడుకూ ఓ భాష ఉంది. ఒకసారి లాగితే బాగున్నా, రెండుసార్లయితే ముందుకెళ్తున్నా తాడు వదులు, మూడుసార్లయితే తాడు చుట్టుకో. నాలుగైతే, వచ్చి కాపాడు.