కొలను అడుగున దొరికిన కంచు బొమ్మలు

మ్యూజియానికి వెళ్ళినప్పుడు మనం ముందు బొమ్మను చూస్తాం. ఓపిక ఉంటే పక్కనున్న చీటీ చదువుతాం. "కంచు. ఎత్రుస్కన్. క్రీ.పూ. 5వ శతాబ్దం." అంతే! ఆ బొమ్మ ఎక్కడ పుట్టింది, ఎన్ని చేతులు మారి ఇక్కడికి చేరింది అన్న సంగతి చాలామందికి పట్టదు. నిజానికి బొమ్మ కథలో సగం అక్కడే ఉంది.

ఎత్రుస్కన్లు ఎవరు? రోము ఇంకా మహాసామ్రాజ్యం కాకముందే ఇటలీలో ఆర్నో, టైబర్ నదుల నడుమ నగరాలు కట్టుకుని వైభవంగా బతికిన జాతి. వాళ్ళ లిపి గ్రీకుల నుంచి వచ్చింది కనుక అక్షరాలు చదవగలం. కాని ఆ భాషకు గ్రీకుతో గాని, లాటిన్‌తో గాని చుట్టరికం లేదు. దొరికిన రాతల్లో ఎక్కువ భాగం సమాధుల మీది పేర్లూ, మొక్కుబడి మాటలూను. వాళ్ళు రాసుకున్న చరిత్రలేవీ మనదాకా రాలేదు. అందుచేత వాళ్ళను తెలుసుకోవాలంటే వాళ్ళు చేసిన వస్తువులే దిక్కు.

కంచు పనిలో వాళ్ళు సిద్ధహస్తులు. మైనంతో రూపం చేసి, చుట్టూ మట్టి మెత్తి కాల్చేవారు. మైనం కరిగి కారిపోగా మిగిలిన ఖాళీలో కరిగించిన కంచు పోసేవారు. మన స్థపతులు పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతీ ఇటువంటిదే.

ఇక అసలు కథకు వద్దాం. ఫ్లారెన్సుకు తూర్పున, అపెనైన్ పర్వతాల్లో ఫాల్తెరోనా అనే కొండ ఉంది. ఆర్నో నది పుట్టేది అక్కడే. ఆ కొండ మీద, దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఒక చిన్న కొలను. 1838లో గొర్రెలు కాచుకునే ఒక పడుచుకు దాని గట్టున కంచు బొమ్మ ఒకటి దొరికింది. అది గ్రీకు వీరుడు హెరాక్లీస్ బొమ్మ. ఎత్రుస్కన్లు అతన్ని 'హెర్క్లె' అని కొలిచేవారు.

ఈ వార్త విని, కింద ఉన్న స్తియా ఊరివాళ్ళు కొందరు సంఘంగా కూడి, కొలనులో నీళ్ళు తీసేసి తవ్వారు. 600కు పైగా కంచు బొమ్మలు బయటపడ్డాయి! దేవతలు, ప్రార్థించే స్త్రీపురుషులు, యోధులు, పశువులు, విడిగా చేసిన కాళ్ళూ చేతులూ తలలూ. వాటితోపాటు నాణేలకు ముందు డబ్బుగా చెల్లిన కంచు ముక్కలు, బాణపు ములుకులు కుప్పలుగా దొరికాయి. అది మొక్కులు తీర్చుకునే కొలనన్నమాట. జబ్బుపడ్డ అవయవం బాగుపడాలని దాని రూపాన్ని సమర్పించేవారు. మన గుళ్ళలో వెండి కళ్ళు, వెండి కాళ్ళు హుండీలో వేయడం చూసినవారికి ఇది వింతగా తోచదు. ఆయుధాలు మాత్రం కనుమ దాటిపోయే సైనికులు వేసినవై ఉండవచ్చునని పండితుల ఊహ.

ఆ తరువాత? టస్కనీ గ్రాండ్ డ్యూక్‌ను కొనమని అడిగారు. ఆయన కొనలేదు. దాంతో సొత్తంతా అమ్మకానికి పోయి చెల్లాచెదరైంది. 1847లో బ్రిటిష్ మ్యూజియం కొన్నింటిని కొన్నది. వాటిలో ఒక హెర్క్లె, ఒక యోధుడు ఉన్నారు. మిగిలినవాటిలో ఇవాళ ఫలానా చోట ఉందని చెప్పగలిగినవి బహు కొద్ది. ఏ సేకరణలోనో ఊరూపేరూ లేకుండా ఉండిపోయినవి ఎన్నో!

1972లోను, మళ్ళీ 2003 తరువాతా శాస్త్రవేత్తలు అదే చోట తవ్వారు. 1838 నాటివాళ్ళు వదిలేసినవి ఇంకా చాలా దొరికాయి. ఈసారి ప్రతి వస్తువూ ఏ పొరలో, దేని పక్కన ఉందో రాసుకున్నారు. వాటిని ఆ ప్రాంతంలోనే, బిబ్బియెనా మ్యూజియంలో చూడవచ్చు.

ఈ రెండు తవ్వకాలకూ తేడా గమనించండి. ఒంటరిగా అద్దాల బీరువాలో నిలబడ్డ యోధుడు వట్టి యోధుడే. కొలనుతో కలిపి చూస్తే అతడు ఎవరో ఒక మనిషి భయానికీ ఆశకూ గుర్తు. ఎక్కడిదో తెలియకపోతే కంచు మిగులుతుంది, మొక్కు పోతుంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన అమరావతి శిల్పాలు చివరకు అదే బ్రిటిష్ మ్యూజియం చేరిన సంగతి తెలిసిన మనకు ఈ బాధ కొత్తది కాదు.

కనుక మిత్రులారా, మీ ఊరి పొలంలో నాగలికి ఏ పాత విగ్రహమో తగిలితే కడిగి ఇంటికి తెచ్చుకోకండి. ఎక్కడ, ఎంత లోతున, దేని పక్కన ఉందో ముందు రాసి పెట్టండి. తరువాత అధికారులకు కబురు చేయండి. వెల ఎంతని అడిగేవాళ్ళు ఎలాగూ వస్తారు. ఎక్కడిదని అడిగేవాళ్ళం మనం కావాలి.